మహానగరంలో శివారు ఎక్కడ మొదలవుతుంది?

గత పాఠంలో మీరు నగరం, పట్టణం, నగరీకరణ అనే భావనలను చదివారు. వాటి నిర్వచనాలు కొంత స్థిరంగానే కనిపించి ఉంటాయి. ఇప్పుడు చర్చించబోయే ఉపనగరం లేదా శివారు అనే భావన అంత సులువుగా పట్టుబడదు. వార్తాపత్రికల్లో దాదాపు రోజూ చదివే మాటే ఇది. అయినా మహానగర పటం ముందు పెట్టి శివారును గీసి చూపమంటే మునిసిపల్ అధికారి ఒక గీత గీస్తాడు, జనగణన అధికారి ఇంకో గీత గీస్తాడు, ప్లాట్లు అమ్మే వ్యాపారి వాటికి చాలా అవతల మూడో గీత గీస్తాడు. ఏ గీతకు ఏ వైపున ఉన్నారన్న దాన్ని బట్టి మనుషుల పన్నులు, కూలిపని, స్థానిక పాలనలో వారి మాటకుండే బలం మారిపోతాయి. ఈ పాఠంలో హైదరాబాదును ప్రధాన ఉదాహరణగా తీసుకుందాం.

మాట వెనుక ఉన్న చిత్రాలు

తెలుగులో శివారు అన్న మాటను పల్లెల్లో వేరే అర్థంలో వాడతారు. భూమి దస్తావేజుల్లో ‘ఫలానా గ్రామ శివారులోని సర్వే నంబరు’ అని రాసి ఉండటం మీలో చాలామంది చూసే ఉంటారు. ఇళ్లున్న చోటుకు దూరంగా, కానీ ఊరి లెక్కలోనే ఉన్న భూమి అని అక్కడ అర్థం. దూరంగా ఉన్నా ఆ ఊరిదే అన్న ఈ భావన చాలా విలువైనది. కాసేపట్లో మళ్లీ దీని అవసరం పడుతుంది.

ఇంగ్లీషులోని సబర్బ్ అనే పదం లాటిన్ నుంచి వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా దానికి ఒక ప్రత్యేక రూపం ఇచ్చింది. న్యూయార్క్ సమీపంలో 1947లో నిర్మాణం మొదలైన లెవిట్‌టౌన్ దానికి ప్రసిద్ధ నమూనా. ఒకే తీరు విడివిడి ఇళ్లు, ముందు పచ్చిక, ఇంటికో కారు, ఉదయం నగరానికి ఉద్యోగానికి వెళ్లి సాయంత్రం తిరిగివచ్చే మధ్యతరగతి కుటుంబ పెద్ద. మన పాఠ్యపుస్తకాల్లో ఉపనగరం గురించి చెప్పేటప్పుడు ఎక్కువగా ఈ చిత్రమే కనిపిస్తుంది. మన నగరాలకు ఇది పొసగదు. ఇక్కడ కొత్త కాలనీలు ఎవరూ లేని మైదానంలో లేవలేదు. కూకట్‌పల్లి, కొండాపూర్, నాగోలు, మల్కాజిగిరి, ఇవన్నీ ఒకప్పటి ఊళ్లే.

పాలనా హద్దు చెప్పేదెంత?

నగరపాలక సంస్థ హద్దుకు బయట ఉన్నదే శివారు అన్నది అందరికీ ముందుగా తోచే సమాధానం. దీనితో ఉన్న చిక్కు చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1869లో సాలార్‌జంగ్ కాలంలో మునిసిపల్ పాలన ఏర్పరచినప్పుడు హైదరాబాద్ నగరం వేరు, చాదర్‌ఘాట్ శివార్లు వేరు. 1886లో చాదర్‌ఘాట్ ప్రత్యేక మునిసిపాలిటీ అయింది. 1933లో రెండింటినీ కలిపారు. ఇవాళ కోఠి పక్కనున్న చాదర్‌ఘాట్‌ను శివారు అంటే ఆటో డ్రైవరు కూడా నవ్వుతాడు. 1960లో సికింద్రాబాద్ కార్పొరేషన్ హైదరాబాద్‌తో కలిసింది. 2007 ఏప్రిల్‌లో చుట్టూ ఉన్న 12 మునిసిపాలిటీలను, కొన్ని గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ మహానగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. అంతకు ముందు సుమారు 170 చదరపు కిలోమీటర్లున్న నగరం 600 చదరపు కిలోమీటర్లు దాటింది. 2025 చివర్లో మరో 27 మునిసిపాలిటీలు, కార్పొరేషన్లు వచ్చి చేరాయి. హద్దు జరిగిన ప్రతిసారీ శివారు ఒక్క రాత్రిలో నగరమైపోయిందని అనగలమా? అక్కడి మనుషులు మర్నాడు పొద్దున కూడా అదే బస్సెక్కారు, అదే బోరునీళ్లు పట్టుకున్నారు.

దీనికి తిరగేసిన ఉదాహరణ సికింద్రాబాద్ కంటోన్మెంట్. చుట్టూ మహానగరం కమ్ముకుని ఉన్నా దాని పాలన కంటోన్మెంట్ బోర్డుది. హద్దు బయట ఉంది కదా అని దాన్ని శివారు అనలేము.

ముంబయి ఇంకా విచిత్రం. అక్కడ ఒక జిల్లా పేరే ముంబయి ఉపనగర జిల్లా. 2011 జనగణనలో ఆ జిల్లా జనాభా సుమారు 93.6 లక్షలు, అసలు ముంబయి నగర జిల్లాది సుమారు 30.9 లక్షలు. పేరుకు ఉపనగరమైన చోట నగరానికి మూడింతల జనం! పైగా రెండు జిల్లాలూ ఒకే మహానగరపాలక సంస్థ కిందివి. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు మరమగ్గాలు నడిపే భివండీ మాత్రం ఠాణే జిల్లాలో, సొంత నగరపాలక సంస్థతో ఉంది.

చట్టం, జనగణన

రాజ్యాంగానికి చేసిన 74వ సవరణ మహానగర ప్రాంతాన్ని నిర్వచించింది. పది లక్షలు లేదా అంతకు మించిన జనాభాతో, రెండు లేదా అంతకంటే ఎక్కువ మునిసిపాలిటీలు, పంచాయతీలు, వాటిని ఆనుకున్న ప్రాంతాలతో కూడినదై, గవర్నరు ప్రకటించిన ప్రాంతం అది. గ్రామం నుంచి పట్టణంగా మారుతున్న పరివర్తన ప్రాంతానికి నగర పంచాయతీ ఉండాలనీ చెప్పింది. శివారు అన్న మాటకు మాత్రం ఇందులో నిర్వచనం లేదు.

జనగణనలోనూ శివారు అనే వర్గం లేదు. దానికి దగ్గరగా ఉన్నది పట్టణ సముదాయం. ఒక పట్టణం, దానికి ఎడతెగకుండా ఆనుకుని పెరిగిన ప్రాంతాలు కలిసి పట్టణ సముదాయం అవుతాయి. ఇక జనగణన పట్టణం అంటే కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు కనీసం 400 జనసాంద్రత, ప్రధాన పనివారైన పురుషుల్లో కనీసం 75 శాతం వ్యవసాయేతర వృత్తుల్లో ఉన్న చోటు. దేశంలో ఇలాంటివి 2001లో 1,362 ఉండగా 2011 నాటికి 3,894 అయ్యాయి. వీటిలో చాలావాటిని నడిపేది పంచాయతీలే. లెక్కల్లో పట్టణం, పాలనలో గ్రామం. ఈ వైరుధ్యాన్ని గుర్తుంచుకోండి. నగరాల అంచుల్లో మనం చూసేది ఎక్కువగా ఇదే. ఇంకో మాట, ఈ ప్రమాణం పురుషుల పనినే లెక్కిస్తుంది. ఊళ్లో మగవారు మేస్త్రీ పనికి నగరానికి వెళ్లి, ఆడవారు పొలం పనే చేస్తున్నా అది పట్టణమే అవుతుంది.

అసలు కొలత

నా అభిప్రాయంలో శివారును నిర్ణయించేది దూరం కాదు, రోజువారీ రాకపోకలు. దూరమే కొలత అయితే గండిపేట జలాశయాల చుట్టూ 84 గ్రామాలున్నాయి. నీటి రక్షణ కోసం 1996లో 111వ నంబరు జీవో నిర్మాణాలను కట్టడి చేయడంతో, వాటిలో చాలావాటికంటే ఎంతో దూరంగా ఉన్న ఊళ్లు ముందుగా కాలనీలయ్యాయి. రియల్ ఎస్టేట్ ప్రకటనల్లో దూరాన్ని ఎప్పుడూ నిమిషాల్లోనే చెబుతారు. ఆ నిమిషాలు ఏ వేళ లెక్కించినవో అడగకూడదు. వెంచరులో హద్దురాళ్లు పాతి, మనుషులెవరూ లేని చోటు శివారు కాదు, పెట్టుబడి మాత్రమే.

అమెరికాలో ఒక కౌంటీలో నివసించే ఉద్యోగుల్లో కనీసం 25 శాతం కేంద్ర కౌంటీలకు పనికి వెళుతుంటే దాన్ని ఆ మహానగర ప్రాంతంలో కలుపుతారు. మన దగ్గర ఇలా లెక్క కట్టడానికి వివరాలు చాలవు. 2011 జనగణనలో పనిచోటు ఎంత దూరం, ఏ వాహనంలో వెళతారు అని అడిగారు కాని, ఎక్కడికి అని అడగలేదు. పైగా ఆ ప్రశ్న రైతులకు, వ్యవసాయ కూలీలకు, ఇంట్లోనే ఉత్పత్తి పని చేసేవారికి వేయలేదు.

రాకపోకలు ఎప్పుడూ నగరం నడిబొడ్డుకే సాగవని కూడా గమనించాలి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు అది నగరపాలక సంస్థ హద్దుకు బయటిదే. ఇవాళ నాగోలు నుంచి రాయదుర్గం వరకు మెట్రోలో వెళ్లే ఉద్యోగి ఒక పాత శివారులో ఎక్కి, నగరం మధ్యగా సాగి, మరో పాత శివారులో దిగుతాడు. ఇక కారులో వెళ్లేవారినే లెక్కించే అమెరికా అలవాటు మనకు పనికిరాదు. తెల్లవారకముందే కూరగాయల బుట్టతో ఆర్టీసీ బస్సెక్కే రైతు, అపార్టుమెంట్లలో ఇంటిపనికి వెళ్లే మహిళ, అడ్డా మీద నిలబడే కూలీ, వీరందరి వల్లే ఒక ఊరు శివారు అవుతుంది. దూరంగా ఉన్నా ఆ ఊరిదే అని భూమి గురించి చెప్పుకున్న మాట ఇక్కడ మనుషులకు వర్తిస్తుంది. నగరం వారి పని మీద నడుస్తుంది, వారి ఇల్లు మాత్రం నగరం లెక్కలో ఉండదు.

గీత మారితే ఏమవుతుంది?

పంచాయతీని మునిసిపాలిటీలో కలిపితే ఉపాధి హామీ పని ఆగిపోతుంది, ఎందుకంటే ఆ చట్టం గ్రామీణ ప్రాంతాలది. నగరంలో ఉద్యోగం దొరికిన యువకుడికి ఇది నష్టం కాదు. పొలాలు ప్లాట్లయ్యాక కూలి పోగొట్టుకున్న నడివయసు మహిళకు నష్టమే. గ్రామసభ ఉండదు. సర్పంచి ఇంటికి నడిచి వెళ్లి వీధిదీపం గురించి అడిగే ఊరు, పెద్ద డివిజనులో ఒక మూల అవుతుంది. 2011 నాటి 67 లక్షల జనాభాను అప్పటి 150 డివిజన్లకు పంచితే ఒక్కో కార్పొరేటరుకు సగటున 45 వేల మంది. మరోవైపు కలవకుండా ఉండిపోయినా కష్టమే. ఊరి చుట్టూ అపార్టుమెంట్లు లేచాక మురుగునీటిని, చెత్తను మోయగల శక్తి చిన్న పంచాయతీకి ఉండదు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి ఇంటి అద్దె భత్యం కూడా ఈ గీతతోనే ముడిపడి ఉంది. ఏడవ వేతన సంఘం తరువాత 2017లో ఎక్స్ తరగతి నగరాలకు మూల వేతనంలో 24 శాతం, జెడ్ తరగతికి 8 శాతంగా మొదట నిర్ణయించారు. ఎక్స్ తరగతిలో హైదరాబాదును పట్టణ సముదాయంగా చేర్చారు. అంటే పనిచేసే కార్యాలయం సముదాయం లోపల ఉందా, బయట ఉందా అన్నది జీతం కాగితంలో కనిపిస్తుంది.

పరీక్షలో ఈ ప్రశ్న వస్తే ‘నగరం చుట్టూ ఉన్న ప్రాంతమే శివారు’ అని ఒక్క వాక్యంతో వదిలేయకండి. పాలన, జనగణన, రాకపోకలు అనే వాటిలో ఏ దృష్టితో చెబుతున్నారో ముందుగా రాయండి, ఒక ఊరి పేరుతో ఉదాహరణ ఇవ్వండి. మీరు ఏదైనా నగరం అంచున ఉంటున్నట్లయితే ఒక పని దినాన ఉదయం ఐదున్నర నుంచి తొమ్మిది వరకు బస్టాపులో నిలబడి చూడండి. ఎవరు ఎక్కుతున్నారు, ఎక్కడికి టికెట్టు తీసుకుంటున్నారు, అటునుంచి వచ్చి దిగేవారెవరు అన్నది గంటవారీగా రాసుకోండి. ఆదివారం కూడా ఒకసారి చూసి రెండు లెక్కలనూ పోల్చండి.