వింటినారి సంరక్షణ

విల్లనగానే మన చూపు బాణముపై నిలుచును. కాని విలుకాని బలము నారిలో నున్నదని శ్రోతలకు మేము నేడు విన్నవింపదలచితిమి.

1346 ఆగస్టు 26న ఫ్రాన్సులోని క్రెసీవద్ద యుద్ధమునకు ముందు వాన కురిసెను. ఇంగ్లీషు విలుకాండ్రు నారులను విప్పి శిరస్త్రాణముల క్రింద దాచిరనియు, ఫ్రెంచిపక్షమున నున్న జెనోవా సైనికుల క్రాస్‌బో నారులు తడిసి ముడుచుకొనిపోయెననియు ఆ కాలపు లేఖకుడు జాన్ ద వెనెట్ వ్రాసినాడు. జెనోవావారి ఓటమికి వేరు కారణములును గలవు. వారి పెద్దడాళ్లు సామానుబండ్లలోనే వెనుకబడిపోయినవి. అయినను నారి కథ మరువరానిది.

క్రాస్‌బో యనగా కొయ్యదిమ్మెకు అడ్డముగా బిగించిన మొండివిల్లు. దాని నారిని చేతితో విప్పుట సులభము కాదు. కావున ముందుగనే సిద్ధపరుపవలెను. కొత్తనారి లాగినకొలది సాగును. కొన్ని బాణములు వదలి, పోగులు సర్దుకొనిన పిమ్మట కొలిచి, సాగినంత మేర పురి యెక్కించి పొట్టిచేయుదురు. తరువాత తేనెమైనము పూసి వ్రేళ్లతో రుద్దుదురు. ఆ వేడికి మైనము మెత్తబడి పోగులలోనికి దిగును. తడిని రానీయదు, పోగులు ఒరసికొని చివుకనీయదు. నడుమ వేరొక దారము చుట్టుదురు; దిమ్మెపై ఒరపిడిని అది భరించును.

అవిసెనారకు బదులు నేడు కృత్రిమపు పోగులు వచ్చినవి. అయినను మైనము మానరాదు. ఒక్క పోగు తెగినను నారిని మార్చవలెను. బాణము లేక నారిని విడువరాదు. ఆ విసురంతయు విల్లుపైననే పడి, అది పగిలి, పట్టినవానినే గాయపరుపగలదు.

నారిని చూచుకొనవలసినది వాన వచ్చిన పిమ్మట కాదు, రాకముందే.