డిగ్రీ చాలుగా... బ్యాంకింగ్‌లో పీజీ దేనికి?

‘బ్యాంకు జాబ్‌కి డిగ్రీ ఉంటే సరిపోద్ది కదా, మళ్లీ రెండేళ్లు పీజీ దేనికిరా?’ మా వైరాలో నన్ను ఈ మాట అడగనివాళ్లు లేరు. రోజూ బస్సులో ఖమ్మం వెళ్లి బ్యాంకింగ్ అండ్ ఫైనాన్స్‌లో పీజీ చేస్తున్నా. డిగ్రీ ఫ్రెండ్స్‌లో చాలామంది కోచింగ్ కోసం హైదరాబాద్ పోయారు. ఇంట్లోవాళ్లు అప్పుచేసి చదివిస్తున్నప్పుడు ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబుండాలి.

ముందు ఉన్నమాట చెప్పుకుందాం. ఐబీపీఎస్ పీఓ, క్లర్క్ పరీక్షలకు ఏదైనా డిగ్రీ చాలు. పీజీ ఉందని అదనంగా మార్కులేం కలపరు. మరి ఎందుకు చేరానంటే...

మా ఊరి వడ్డీ లెక్క

పత్తి, మిర్చి వేసే ఇళ్లల్లో తరచూ వినపడే మాట ‘నూటికి రెండు రూపాయలు’. అది నెలకు. అంటే ఏడాదికి 24 శాతం. లక్ష తెస్తే వడ్డీయే 24 వేలు! అదే కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల దాకా పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోపు కట్టేస్తే ఇంకో 3 శాతం రాయితీ. లక్షకు 4 వేలతో అయిపోతుంది.

మరి బయట అప్పు ఎందుకు? సాగు చేసేది కౌలు రైతు, పాస్‌బుక్ మాత్రం యజమాని పేరు మీద. ఇంకాస్త ముందుకెళ్లి ఏజెన్సీలోకి అడుగుపెడితే 1/70 చట్టం. అక్కడి భూమిని గిరిజనేతరులకు అమ్మకూడదు. గిరిజనుల భూమికి అది రక్షణ. కానీ తాకట్టు చూసి అప్పిచ్చే బ్యాంకుకి అదే చిక్కుముడి. ‘కొలాటరల్’ పాఠం వచ్చిన రోజు నాకు గుర్తొచ్చింది మా చుట్టుపక్కల పొలాలే.

మొండిబకాయి ఎప్పుడవుతుంది?

మామూలు లోన్ కిస్తీ 90 రోజులు దాటితే ఎన్‌పీఏ. పంట రుణానికి అలా కాదు. పత్తి, మిర్చిలాంటి స్వల్పకాలిక పంటలకు రెండు సీజన్లు దాటాలి. రైతుకి డబ్బొచ్చేది నెలనెలా కాదు, పంట చేతికొచ్చాకే కదా! ఈ తేడా తెలిసినవాళ్లు కౌంటర్ వెనక ఉంటే రైతుతో మాట్లాడే తీరే మారుతుంది.

బ్యాంకుల విలీనం కూడా మాకు పుస్తకంలో పాఠమే కాదు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రాబ్యాంక్, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. మన గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. ఊళ్లో జనం మాత్రం ఇంకా పాత పేర్లే పిలుస్తున్నారు.

మీరు చేరాలా, వద్దా?

• వీలైనంత త్వరగా ఉద్యోగమే కావాలంటే డిగ్రీతోనే పరీక్షలు రాయండి.

• లెక్చరర్ అవ్వాలనుంటే పీజీ తప్పదు. దాంతో నెట్ కూడా రాయొచ్చు.

• వయసు భయం వద్దు. పీజీ అయ్యేసరికి 22, 23 ఉంటాయి. జనరల్ వాళ్లకే క్లర్క్‌కి 28, పీఓకి 30 దాకా టైముంది.

• దూరవిద్యలో చేరేముందు ఆ కోర్సుకి యూజీసీ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి.

నేనైతే రెండూ పట్టుకున్నా. పగలు క్లాసులు, రాత్రి మాక్ టెస్టులు. గ్రామీణ బ్యాంకు పరీక్ష తెలుగులో కూడా రాయొచ్చు. ఈసారి నా మొదటి ఛాయిస్ అదే.