సీసపు బూందీ

మొన్నామధ్య ఒక పెళ్లి వంటశాలలో బూందీ దూయడం చూస్తూ నిలబడ్డాను. వంటాయన చిల్లుల గరిటెను మూకుడుకు జానెడెత్తున పట్టుకుని శనగపిండి పోస్తున్నాడు. గరిటె కాడను మూకుడు అంచుకేసి తట్టినప్పుడల్లా చుక్కలు జలజలా రాలి, నూనెలో ఉబ్బి పైకి తేలుతున్నాయి. ఉన్నట్టుండి చెయ్యి ఆపాడు. "తోకలొస్తున్నాయిరా, కాసిని నీళ్లు పోసి కలుపు" అని కుర్రాణ్ని కేకేశాడు. పిండి చిక్కబడితే తోక, పలచబడితే చప్పిడి బిళ్ల. గుండ్రటి బూందీ ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది.

పక్షుల వేటకు సీసపు గుళికలు పోతపోసేవాళ్లదీ సరిగ్గా ఇదే తంటా. పెద్ద గుండు అయితే అచ్చులో పోసి, అతుకు గీరేసి, సైజు సరిచూసుకోవచ్చు. ఆవగింజంత, మిరియమంత గుళికలు ఒక్క తూటాకే వందల్లో కావాలి. వాటిని ఒక్కొక్కటిగా అచ్చు పోస్తూ కూర్చుంటే తెల్లారినట్టే. అందుకని కరిగిన సీసాన్ని చిల్లుల పాత్రలోంచి నీళ్లలోకి వదిలేవాళ్లు. 1665లో వచ్చిన 'మైక్రోగ్రాఫియా'లో రాబర్ట్ హుక్ ఈ పద్ధతిని వివరంగా రాశాడు. సీసంలో తాళకం కలపాలని కూడా అందులో ఉంది. మన ఆయుర్వేద వైద్యులు హరిదళమనే పసుపుపచ్చ ఖనిజమే అది. దాంట్లోని ఆర్సెనిక్ కొద్దిగా కలిస్తే సీసం చుక్క తోక లాగకుండా ముడుచుకుంటుంది. అంతా బాగానే ఉంది గానీ చుక్క పడేది మరీ తక్కువ ఎత్తునుంచి. గుండ్రబడేలోగానే చన్నీళ్లు తగిలి, సొట్టలతో గడ్డకట్టేది.

ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో విలియం వాట్స్ అనే ప్లంబరుండేవాడు. ప్లంబర్ అన్న మాటే సీసానికున్న లాటిన్ పేరు నుంచి వచ్చింది. ఆ రోజుల్లో ఇంటి కప్పులకూ గొట్టాలకూ సీసం వాడేవాళ్లు, ఆ పని చేసేవాడే ప్లంబరు. వాట్స్‌కు సీసం వాన కురుస్తున్నట్టు కల వచ్చిందని ఒక కథ. అది నిజమో కాదో గానీ, మెలకువలో చేసిన పని మాత్రం కలకంటే విడ్డూరం. రెడ్‌క్లిఫ్ హిల్ మీదున్న సొంత ఇంట్లో అంతస్తుల మధ్య నేలలు తొలిచేశాడు. ఇంటి పైన గోపురం లేపాడు. చాలక ఇంటి కిందున్న ఇసుకరాతి గుహల్లోకీ తవ్వుకుపోయాడు. అలా దాదాపు 27 మీటర్ల లోతు దొరికింది. పైన జల్లెడ, అడుగున నీళ్ల తొట్టి, మధ్యలో ఖాళీ. 1782లో పేటెంటు పుచ్చుకున్నాడు.

ఆ ఖాళీయే అసలు యంత్రం. ద్రవం తన ఉపరితలాన్ని వీలైనంత తగ్గించుకోవాలని చూస్తుంది, దీన్నే తలతన్యత అంటాం. ఒకే పరిమాణానికి అతి తక్కువ ఉపరితలం ఉండే ఆకారం గోళం. 27 మీటర్లు పడడానికి చుక్కకు పట్టేది రెండు సెకన్ల పైచిలుకు. ఈలోగా గుండ్రబడుతుంది, గాలి తగిలి పైన గట్టిపడుతుంది. నీళ్లకు మిగిలేది దెబ్బ తగలకుండా పట్టుకోవడం, పూర్తిగా చల్లార్చడం.

అయినా వంకరవి కొన్ని రానే వస్తాయి. వాటిని ఏరడానికి పట్టిన ఉపాయం నాకు భలే నచ్చింది. వాలుగా పెట్టిన గాజు పలకల మీదుగా గుళికల్ని దొర్లిస్తారు. పలకకూ పలకకూ మధ్య సందు. గుండ్రటిది వేగంగా వచ్చి సందు దాటి దూకుతుంది. సొట్టది కుంటుతూ వచ్చి సందులో పడి, మళ్లీ కరిగే బానలోకి పోతుంది. పళ్లెం వాల్చి మినుముల్లో రాళ్లేరే ఆడవాళ్లకు ఈ సూత్రం ఎవరూ చెప్పక్కర్లేదు. దాటినవాటిని జల్లెళ్లకెత్తి సైజులవారీగా విడదీసేవాళ్లు.

వాట్స్ తన హక్కులు అమ్మేసి ఆ డబ్బుతో క్లిఫ్టన్‌లో కొండ అంచున ఇళ్ల వరుస కట్టబోయాడు. కొండను నిలబెట్టే గోడే డబ్బంతా మింగేసింది. సీసాన్ని కిందికి వదిలి గడించింది, రాయిని పైకి పేర్చి పోగొట్టుకున్నాడు.

గోపురాలు మాత్రం దేశాలు దాటాయి. ఇంగ్లండులోనే 1799లో చెస్టర్‌లో కట్టినది 51 మీటర్లు. 2001 దాకా పనిచేసింది. అమెరికాలో బాల్టిమోర్‌లో 1828లో లేచిన ఇటుక గోపురం 71 మీటర్లుంటుంది, కొన్నేళ్లపాటు ఆ దేశంలోకెల్లా ఎత్తయిన కట్టడం అదే. వర్జీనియాలో థామస్ జాక్సన్ కొండ కొమ్మున సగం ఎత్తు కట్టి, మిగతా సగం భూమిలోకి బావిలా తవ్వాడు.

1961లో అమెరికాలోనే బ్లైమైస్టర్ అనే ఆయన వీటి అవసరమే లేదని పేటెంటు తీసుకున్నాడు. అంగుళం ఎత్తునుంచి వేడినీళ్లలోకి చుక్క వదిలి, వాలు మీద దొర్లించి, నీళ్లలోనే మరికాస్త లోతుకు దించడం ఆయన పద్ధతి. నీళ్లు వేడిగా ఉంటే చుక్క తాపీగా గడ్డకడుతుంది, ఆ వ్యవధిలో గుండ్రబడుతుంది. 27 మీటర్ల గాలి ఇచ్చిన వ్యవధిని వేడినీళ్లే ఇచ్చేశాయి. బూందీ మూకుడు దగ్గరకే మళ్లీ వచ్చామన్నమాట.

సీసానికీ చెడ్డరోజులొచ్చాయి. మడుగుల అడుగున పడ్డ గుళికల్ని బాతులు గులకరాళ్లనుకుని మింగేవి. కందనకాయలో అవి అరిగి ఒంటికి విషమెక్కేది. నీటిపక్షుల వేటలో సీసపు గుళికల వాడకాన్ని అమెరికా 1991 నాటికి దేశమంతటా నిషేధించింది.

వాట్స్ గోపురాన్ని 1968లో రోడ్డు వెడల్పు కోసం పడగొట్టారు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌వాళ్లు మాత్రం 1888 నాటి కూప్స్ గోపురాన్ని ముట్టుకోలేదు. దాని చుట్టూ, దానిమీదుగా అద్దాల శంకువు లేపి, షాపింగ్ మాల్ మధ్యలో పెట్టుకున్నారు. 50 మీటర్ల ఇటుక గోపురం, పక్కనే ఎస్కలేటర్ మీద పైకీ కిందికీ జనం.