కాలువ గట్టున సైకిల్: వాలెంత, గాలెంత, దూరమెంత

శ్రీరాంసాగర్ నిండు మట్టం 1,091 అడుగులు. కరీంనగర్ పక్కనున్న దిగువ మానేరు జలాశయానిది 920 అడుగులు. ఈ రెంటినీ కలిపే కాకతీయ కాలువ పొడవు 146 కిలోమీటర్లు. అంటే అంత దూరం నడిచీ నీళ్లు దిగేది 171 అడుగులే, మన లెక్కలో 52 మీటర్లు. కిలోమీటరుకు సగటున 36 సెంటీమీటర్లు. అందులోనూ కొంత దిగుడు, నీటిని మెట్టులా కిందికి దింపేందుకు మధ్యమధ్య కట్టిన డ్రాపుల దగ్గరే పోతుంది కాబట్టి, మిగతా దారి అంతకంటే చదును.

ఇంజినీర్లు ఈ చదునును నీళ్ల కోసం లెక్కగట్టారు. వాలు ఎక్కువైతే ప్రవాహం గట్లను కోస్తుంది, తక్కువైతే ఒండ్రు పేరుకుంటుంది, దూరపు పొలానికి నీరందదు. ఆ లెక్కే సైకిల్ తొక్కేవాళ్లకు కలిసొచ్చింది. పెద్ద కాలువ తవ్వినప్పుడు తనిఖీకి జీపు తిరిగేలా గట్టుమీద బాట వదులుతారు. 1963 జులైలో నెహ్రూ పోచంపాడులో పునాదిరాయి వేసిన ఈ శ్రీరాంసాగర్ ప్రాజెక్టుతో నీళ్లే కాదు, ఆ నీళ్లను అంటిపెట్టుకుని పోయే చదునైన దారి కూడా మనకు వచ్చింది. మానేరు దాటాక కాలువ హుజూరాబాద్, హనుమకొండ, వర్ధన్నపేట వైపుల మీదుగా ఆగ్నేయానికి సాగి, మొదటి దశ కింద 284వ కిలోమీటరు దాకా వస్తుంది. రెండో దశ దాన్ని 346 దాకా, మహబూబాబాద్, సూర్యాపేట జిల్లాల పొలాల్లోకి పొడిగించింది.

ఈ చదును కాళ్లకు ఎంత మేలు చేస్తుందో చూద్దాం. 65 కిలోల మనిషి, సామానుతో కలిపి 20 కిలోల సైకిల్, గంటకు 15 కిలోమీటర్ల వేగం అనుకుందాం. గట్టిపడ్డ మొరం బాటమీద చక్రాల రాపిడికి సుమారు 42 వాట్లు, గాలిని చీల్చడానికి 24 వాట్లు, మొత్తం 66 వాట్ల శక్తి కావాలి. రోజూ కాస్త ఒళ్లు వంచేవాళ్లు ఇంత శక్తిని గంటల తరబడి పెట్టగలరు. కాలువ వెంట ఎగువకు పోయినా, కిలోమీటరుకు 36 సెంటీమీటర్ల వాలుకు అదనంగా పడే భారం ఒక వాటు, మహా అయితే ఒకటిన్నర. అదే నూటికి మూడు మీటర్లు లేచే ఎత్తుమీద ఆ వేగం నిలబెట్టాలంటే ఇంకో 104 వాట్లు కావాలి. అది బాగా సాధన చేసినవాళ్ల పని. మామూలు మనిషి వేగం తగ్గించుకుంటాడు. తారు రోడ్డే అయినా ఆ ఎత్తుమీద దాదాపు అంతే శ్రమకు గంటకు 8 కిలోమీటర్లే వస్తాయి.

వాలు అడ్డు కాని చోట అసలు లెక్క గాలిదే. గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలి వీస్తే, అదే 15 వేగానికి మన 66 వాట్లు 108 అవుతాయి. గట్టు ఎత్తుగా ఉంటుంది, చాటు తక్కువ. ఇక్కడ కాకతీయ కాలువకు ఒక సౌలభ్యం ఉంది. కాలువ నడక వాయవ్యం నుంచి ఆగ్నేయానికి. సైకిల్ ప్రయాణాలకు అనువైన నవంబరు-ఫిబ్రవరి నెలల్లో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది. అంటే చాలాచోట్ల అది ఎదురూ కాదు, వెనకా కాదు, పక్కనుంచి తగులుతుంది. దిగువకు పోయినా ఎగువకు వచ్చినా పెద్ద తేడా ఉండదు. పొద్దున్నే బయలుదేరితే ఆ పక్కగాలి కూడా తక్కువే.

ఈ శ్రమను తిండిలోకి మారిస్తే, గంటకు 250 కిలోక్యాలరీల దాకా ఖర్చు. రోజుకు 60 కిలోమీటర్లంటే నాలుగు గంటల తొక్కుడు, వెయ్యి కిలోక్యాలరీలు. రెండు జొన్నరొట్టెలు, పప్పు, దారిలో రెండు అరటిపండ్లు, ఇంకొక పూట భోజనం దీనికి సరిపోతాయి. నీళ్లు మాత్రం ఇంటినుంచే మోసుకెళ్లాలి. కాలువ నిండా నీళ్లున్నా అవి తాగేవి కావు.

వాహనాలు లేని దారి కోసం ఇంత తాపత్రయం ఎందుకు? 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారుల వాటా రెండు శాతం చిల్లర. మరణాల్లో వాటి వాటా 36 శాతం. ఆ ఏడాది పోయినవాళ్లలో సైకిల్‌మీద వెళ్తున్నవాళ్లు నాలుగు వేలకు పైనే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, మన ఈ మూడు జిల్లాల్లో ఊరినీ ఊరినీ కలిపే సూటి దారి చాలాచోట్ల జాతీయ రహదారే. జనగామ గుండా 163 పోతుంది. తొర్రూరు, మరిపెడ మీదుగా ఖమ్మం వైపు 563 పోతుంది. భూపాలపల్లి నుంచి కాళేశ్వరం దాకా 353సీ మీద బొగ్గు, ఇసుక లారీలు తిరుగుతాయి. లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు సైకిల్ ఎలా ఊగుతుందో తొక్కినవాళ్లకు తెలుసు. పిల్లల్ని ఆ దారిన పంపమని ఎవరూ అనరు.

మూడు జిల్లాల్లో గట్టు పరిస్థితి ఒకేలా లేదు. జనగామ ఎత్తునేల. కాకతీయ కాలువ నీళ్లు తమంతట తాము చాలా భాగానికి ఎక్కలేవు. అందుకే గోదావరి నీటిని దేవాదుల పథకం పంపులతో ఎత్తి పైపుల్లో తెస్తోంది. పైపు నేలలో ఉంటుంది, దానికి గట్టు ఉండదు. కాబట్టి జనగామలో కాలువ వెంట పొడవైన ప్రయాణం ఆశించకూడదు. ఇక్కడ దొరికేవి జలాశయాల కట్టలు, వాటిని కలిపే పల్లె రోడ్లు: స్టేషన్ ఘన్‌పూర్, అశ్వరావుపల్లి, బొమ్మకూర్, చీటకోడూరు. పాలకుర్తి, బమ్మెర, వల్మిడి ఒకదానికొకటి దగ్గరే. కవులు సోమనాథుడి ఊరినీ పోతన ఊరినీ ఒకే పూటలో చుట్టిరావచ్చు. ఎత్తుపల్లాలు ఉంటాయి, అందుకే ఇక్కడ రోజుకు 60 కాకుండా 40 కిలోమీటర్ల లెక్క వేసుకోవాలి.

మహబూబాబాద్ అసలైన కాలువ జిల్లా. ఇక్కడి రైతులు కాలువలను పేర్లతో కాదు, అంకెలతో పిలుస్తారు: డీబీఎం 48, డీబీఎం 60. మానేరు దిగువన చీలిన డిస్ట్రిబ్యూటరీలకు వేసిన వరుస సంఖ్యలవి. ప్రధాన కాలువకంటే ఈ పిల్ల కాలువల గట్లే నాకు ఎక్కువ ఇష్టం. బాట సన్నగా ఉంటుంది, ట్రాక్టరు తప్ప మరొకటి రాదు, ప్రతి తూము దగ్గరా ఎవరో ఒకరు పలకరిస్తారు. పైగా రైలు ఉంది. కాజీపేట-విజయవాడ మార్గంలో నెక్కొండ, కేసముద్రం, మహబూబాబాద్, గార్ల, డోర్నకల్ స్టేషన్లు వరసగా వస్తాయి. ఒక స్టేషన్‌లో దిగి తొక్కి ఇంకో స్టేషన్‌లో ఎక్కొచ్చు, వచ్చిన దారినే తిరిగి పోనవసరం లేదు. గార్ల వైపు దిగితే బయ్యారం పెద్దచెరువు చూడొచ్చు. గణపతిదేవుడి చెల్లెలు మైలమ తవ్వించి ధర్మకీర్తి సముద్రమని పేరుపెట్టిన చెరువది. ఆమె వేయించిన శాసనమే కాకతీయుల వంశక్రమాన్ని తేల్చడానికి చరిత్రకారులకు ఆధారమైంది.

భూపాలపల్లికి రైలు లేదు. చిట్యాల, మొగుళ్లపల్లి వైపు డీబీఎం 38 కాలువ ఉంది. గణపురంలో కాకతీయుల నాటి చెరువు, దాని దగ్గరే కోటగుళ్లు ఉన్నాయి. కన్నెపల్లి పంపుహౌస్ నుంచి అన్నారం బరాజ్ వైపు తవ్విన 13 కిలోమీటర్ల పైచిలుకు కాలువ పటంలో ఊరిస్తుంది. కానీ ఆ పంపుహౌస్‌కు నీళ్లు నిలిపే మేడిగడ్డ బరాజ్ పియర్లు 2023 అక్టోబరు 21న కుంగాయి. పంపుహౌస్‌లు, బరాజ్‌ల దగ్గర సందర్శకులు అనుమతి లేకుండా తిరగకూడదు. అందుకని దాన్ని ప్రయాణాల లెక్కలోంచి తీసేస్తున్నాను.

అమెరికాలో ఒక కాలువ కథ ఇక్కడ చెప్పాలి. వాషింగ్టన్ నుంచి కంబర్లాండ్ దాకా 297 కిలోమీటర్ల చెసపీక్-ఒహాయో కాలువ. గట్టున కంచరగాడిదలు నడుస్తూ తాళ్లతో పడవలు లాగేవి. 1924లో పడవలు ఆగిపోయాయి. తర్వాత ఆ గట్టును కార్ల రోడ్డుగా మార్చాలన్న ఆలోచన వచ్చింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ దాన్ని వ్యతిరేకిస్తూ 1954లో పత్రికా సంపాదకులను వెంటబెట్టుకుని ఆ గట్టు వెంట నడిచారు. 1971లో అది జాతీయ పార్కు అయింది. ఈరోజు దేశదేశాల సైకిల్ యాత్రికులు అక్కడికి వస్తారు. ఆ కాలువ మొత్తం ఎత్తు 184 మీటర్లు, అంటే కిలోమీటరుకు 62 సెంటీమీటర్లు. మనది మానేరు దాకా 36. పొడవు చూస్తే అది 297, మన మొదటి దశ 284. చదునులో మన కాలువే మెరుగు. ఆ గట్టుకున్నవీ మనకు లేనివీ దారిపొడవునా బోర్డులు, చేతిపంపులు, గుడారం వేసుకునే చోట్లు.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌరఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ బాట 2023 అక్టోబరు 1న తెరిచారు. మంచి పనే. దాన్ని కొత్తగా కట్టాల్సి వచ్చింది. ఇక్కడ గట్టు కట్టేసి ఉంది, నేల ప్రభుత్వానిదే, ఎవరి పొలమూ సేకరించక్కర్లేదు. కావలసింది ఏడాదికోసారి వానలు వెలిశాక మొరం పోసి రోలర్ తిప్పడం, సర్కారు తుమ్మ కొట్టించడం, గట్టు రహదారిని దాటే ప్రతి వంతెన దగ్గరా వేగం తగ్గించే ఏర్పాటు, ఏ ఊరు ఎంత దూరమో చెప్పే రాయి. బాట బాగుంటే రైతు బండికీ, కాలువను చూసుకునే నీటిపారుదల శాఖ లష్కర్‌కూ అదే మేలు.

వెళ్లాలనుకునేవాళ్లు కొన్ని సంగతులు పట్టించుకోవాలి. ఖరీదైన సైకిల్ అక్కర్లేదు. పాత నల్ల సైకిల్‌కున్న ఒకటిన్నర అంగుళాల టైరు మొరం బాటకు చక్కగా సరిపోతుంది. పంక్చర్ సామాను, గాలిపంపు మాత్రం తప్పనిసరి, తుమ్మముల్లు ఎవరినీ వదలదు. వానాకాలంలో నల్లరేగడి మీదుగా పోయే గట్టును తలపెట్టొద్దు, బురద మడ్‌గార్డులో గడ్డకట్టి చక్రం ఆగిపోతుంది. చెల్కనేలల్లో ఒక్క రోజు ఎండ కాస్తే దారి తెరుచుకుంటుంది. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో పడ్డ వానలకు ఇంటికన్నె-కేసముద్రం మధ్య రైలు కట్టే కొట్టుకుపోయింది. అలాంటి వాన తర్వాత గట్టుకు ఎక్కడ గండి పడిందో ఊళ్లో అడిగి తెలుసుకోకుండా ఎక్కకూడదు. కాలువలోకి దిగి స్నానం వద్దు. సిమెంటు లైనింగ్ పాకుడు పట్టి ఉంటుంది, ఈత వచ్చినవాళ్లు కూడా పైకి ఎక్కలేక మునిగిపోతారు. చీకట్లో గట్టుమీద తొక్కొద్దు, అంచున గోడ ఉండదు.

యాసంగిలో మానేరు దిగువకు నీళ్లను తరచూ వారబందీ పద్ధతిలో, కొన్ని రోజులు వదిలి కొన్ని రోజులు ఆపి ఇస్తారు. ఏ వారం ఏ కాలువ పారుతుందో లష్కర్‌కు తెలుస్తుంది. నీళ్లు పారే వారంలో పోతే గట్టు చల్లగా ఉంటుంది, పొలాల్లో మనుషులుంటారు, దారి తప్పినా అడగడానికి ఒక గొంతు దొరుకుతుంది. ఆ వారమే చూసుకుని బయలుదేరడం మంచిది.