కోటి డాలర్లు డిక్కీలో వేసుకుని ఇంటికెళ్లాడు!

మా చంద్రశేఖరపురం నుంచి పనికోసం బయల్దేరితే హైదరాబాద్, లేదంటే బెంగళూరు. అందుకే తెలిసిన వెల్డర్ కుర్రాడు "లేగోస్ పోతున్నా అన్నా, రిఫైనరీ పని" అన్నప్పుడు జోకనుకున్నా. ఆ రిఫైనరీ ఎవరిదా అని ఫోన్లో వెతికితే ఒక పేరు దొరికింది. అలీకో డాంగోటే. ఏళ్ల తరబడి ఫోర్బ్స్ లెక్కల్లో ఆఫ్రికాలోకెల్లా ధనవంతుడు.

1957లో నైజీరియాలోని కానోలో పుట్టాడు. పూరిగుడిసె కథేం కాదు, ముందే చెప్పేస్తున్నా. ముత్తాత వేరుశనగ వ్యాపారంలో గడించిన కోటీశ్వరుడు. బడిలో ఉండగానే డాంగోటే డబ్బాలకొద్దీ చాక్లెట్లు కొని అమ్మించేవాడట. 1977లో అమ్మ పుట్టింటివాళ్ల దగ్గర 5 లక్షల నైరాలు అప్పు తీసుకుని వ్యాపారం మొదలుపెట్టాడు. పంచదార, బియ్యం, సిమెంటు ఓడల్లో తెప్పించి అమ్మడమే పని.

ఒకసారి బ్యాంకు నుంచి కోటి డాలర్ల నగదు తీసి, కారు డిక్కీలో వేసుకుని ఇంటికెళ్లాడట. గదిలో పెట్టుకుని కళ్లారా చూసుకుని, మర్నాడు మళ్లీ బ్యాంకులో కట్టేశాడు. కాగితం మీద అంకెలు చూస్తే తన డబ్బేనన్న నమ్మకం కలగలేదట! 2019లో ఒక సభలో ఆయనే చెప్పాడు.

నాకు మాత్రం ఆ తర్వాత చేసిందే ఆసక్తి. దిగుమతి చేసుకుంటూ హాయిగా బతకొచ్చు. కానీ నేలకింద సున్నపురాయి పెట్టుకుని సిమెంటు బయట కొనడమేంటని ఒబజానాలో భారీ ఫ్యాక్టరీ కట్టాడు. ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ బండలు బండలుగానే ఓడెక్కడం తెలిసినవాణ్ని కాబట్టి, ఈ ముక్క నాకు గట్టిగా తగిలింది.

పెట్రోలుదీ అదే గోల. ముడిచమురు ఎగుమతి చేసే నైజీరియా పెట్రోలు కోసం మాత్రం బయటి దేశాల మీద ఆధారపడేది. ప్రభుత్వ రిఫైనరీలు మూలనపడ్డాయి. 2013లో సుమారు 900 కోట్ల డాలర్లతో రిఫైనరీ కడతానని ప్రకటించాడు. పూర్తయ్యేసరికి ఖర్చు 2,000 కోట్ల డాలర్ల దాకా వెళ్లింది! రోజుకు 6.5 లక్షల బ్యారెళ్ల సామర్థ్యం. నిర్మాణ పర్యవేక్షణ మన ఇంజనీర్స్ ఇండియాదే. 2024 జనవరిలో డీజిల్, సెప్టెంబరులో పెట్రోలు వచ్చాయి.

సిమెంటు దిగుమతులపై సర్కారు ఆంక్షలు ఆయనకే కలిసొచ్చాయని, మార్కెట్ ఒక్కడి గుప్పిట్లోకి పోతే ధర అడిగేదెవరని విమర్శలున్నాయి. నిజమే, ఆ అనుమానం నాకూ ఉంది.

మా వెల్డర్ ఊరికొచ్చాక ఫోన్లో ఫొటో చూపించాడు. ఎటు చూసినా పైపులే. "ఇందులో నీ వెల్డింగ్ ఏదిరా?" అన్నా. జూమ్ చేసీ చేసీ, "ఇక్కడే ఎక్కడో అన్నా" అని నవ్వాడు.