పరిశోధనకు ధనసహాయము: అన్వేషణ విధానము

విశ్వవిద్యాలయములందును, వాని అనుబంధ కళాశాలలందును పరిశోధన సాగించు తెలుగు అధ్యాపకులలో ఒక అభిప్రాయము బలముగా నాటుకొని యున్నది. విజ్ఞానశాస్త్రములకు ధనసహాయము లభించును, భాషాసాహిత్యములకు లభింపదు అనునదే ఆ అభిప్రాయము. ఇందు కొంత సత్యము లేకపోలేదు. విజ్ఞానశాస్త్రములకు కేటాయింపబడు ద్రవ్యముతో పోల్చిన మనకు వచ్చునది స్వల్పము. అయినను, ఆ స్వల్పమును సైతము మనము పూర్తిగా అందుకొనుట లేదు. తెలుగునకై ప్రత్యేకముగా ద్రవ్యమొసగు సంస్థలు కొలదిగా నున్నను, తెలుగు పరిశోధకుడు వేయు ప్రశ్నలకు ద్రవ్యమొసగు సంస్థలు పెక్కు కలవు. తన ప్రశ్న ఏ సంస్థ ఆశయముతో కలియునో గుర్తించుటయే సహాయాన్వేషణలో ప్రధానమైన పని అని ఈ వ్యాసమున ప్రతిపాదింపదలచితిని. మొదట పూర్వానుభవమును, పిమ్మట చోడవరము ప్రాంతమునుండి ఒక ఉదాహరణమును, తుదకు దరఖాస్తు విషయమున పాటింపవలసిన విధులను వివరించెదను.

తెలుగువారి పరిశోధన చరిత్రలో ధనసహాయమునకై చేసిన తొలి అభ్యర్థనలలో ఒకటి కావలి వెంకట లక్ష్మయ్యది. ఏలూరునకు చెందిన కావలి సోదరులు కల్నల్ కాలిన్ మెకంజీకి సహాయకులై దక్షిణదేశపు శాసనములను, కైఫియ్యతులను, వ్రాతప్రతులను సేకరించిరి. మెకంజీ 1821లో మరణించెను. ఆ పనిని తన ఆధ్వర్యమున కొనసాగించుటకు లక్ష్మయ్య ప్రభుత్వ సహాయమును కోరెను. ఈ విషయము కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పరిశీలనకు పోయెను. జేమ్స్ ప్రిన్సెప్ కార్యదర్శిగా నున్న ఆ సంఘము 1836లో ప్రతికూలాభిప్రాయమును తెలిపెను. స్వదేశీయుడు సహాయకుడుగా ఉపకరింపగలడే గాని అట్టి కార్యమును నిర్వహింప సమర్థుడు కాడని వారు తలంచిరి. పిమ్మట మెకంజీ సంచయమును పరిశీలించు పని రెవరెండు విలియం టెయిలరునకు లభించెను. దశాబ్దములపాటు ఆ సామగ్రిని కూర్చినవాడు దానిపై ప్రశ్న వేయుటకు అర్హుడు కాకపోయెను. ఈ ఉదంతమును మరల స్మరింపవలసిన అవసరము వ్యాసాంతమున కలుగును.

తరువాతి కాలమున జమీందారులు పోషకులైరి. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పూనుకొనిన మహానిఘంటువునకు పిఠాపురము మహారాజా రావు వేంకటకుమార మహీపతి సూర్యారావు బహదూరు పోషకులు. అందుచేతనే అది శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువైనది. దాని తొలి సంపుటము వెలువడినది 1936లో. ఒక సంపుటము కొఱకు ఇరువది సంవత్సరములకు పైగా వేచియుండగలిగిన పోషకుడు ఆ కాలమున నుండెను. నేటి సహాయములు సాధారణముగా ఒకటి రెండు సంవత్సరములకు పరిమితములు. కావున నేటి పరిశోధకుడు ఎంత పెద్ద పనినైనను చిన్న భాగములుగా విభజింప నేర్వవలెను.

ఈ విభజనకు ఉత్తమమైన ఆదర్శము ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున, 1957లో స్థాపితమైన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశము. తెలుగు మాండలికములన్నిటిని ఒక్కమారుగా సేకరింప బూనక, వృత్తికొక సంపుటముగా ఆ పనిని నిర్ణయించిరి. వ్యవసాయ పదములు 1962లోను, చేనేత పదములు 1971లోను వెలువడినవి. ప్రతి సంపుటమును దానంతట అది పూర్ణము. తరువాతి సంపుటము ఆలస్యమైనను ముందుదాని ప్రయోజనమునకు లోటు రాదు. సహాయమిచ్చువాడు కోరునది ఇట్టి పూర్ణత్వమే.

స్వాతంత్ర్యానంతరము పోషణభారము క్రమముగా ప్రభుత్వ సంస్థలకు సంక్రమించెను. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 1953లో ఏర్పడి, 1956 చట్టముచే శాసనబద్ధమైనది. 1969లో భారతీయ సాంఘికశాస్త్ర పరిశోధన మండలియు, మైసూరున భారతీయ భాషల కేంద్రసంస్థయు, 1972లో భారతీయ చరిత్ర పరిశోధన మండలియు నెలకొన్నవి. తెలుగునకు ప్రాచీన భాషా ప్రతిపత్తి 2008లో లభించిన పిదప మైసూరు సంస్థ క్రింద ఏర్పడిన ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రము నేడు నెల్లూరున నున్నది. 2023 నాటి చట్టముచే ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ప్రతిష్ఠానము ముఖ్యముగా విజ్ఞానశాస్త్రములకు సంబంధించినదే. అయినను మానవీయ, సాంఘిక శాస్త్రములు విజ్ఞాన సాంకేతికములతో కలియు తావులకు ఆ చట్టమున చోటు కలదు.

ఈ సంస్థల సహాయము రెండు విధములు. మొదటిది వ్యక్తికి లభించునది. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘపు జాతీయ అర్హత పరీక్ష ద్వారా వచ్చు జూనియర్ పరిశోధన వేతనము ఇందు ప్రధానము. 2023 జనవరి 1 నుండి అమలైన సవరణ ప్రకారము ఇది తొలి రెండు సంవత్సరములు నెలకు రూ. 37,000, పిమ్మట సీనియర్ వేతనముగా రూ. 42,000. రెండవది పనికి లభించునది. నిర్ణీతమైన ప్రశ్నకు, నిర్ణీతమైన కాలమునకు, నిర్ణీతమైన వ్యయపట్టికతో సంస్థ ద్వారా వచ్చు సహాయమిది. విద్యార్థులు మొదటిదానిని ఎఱుగుదురు. అధ్యాపకులకు ముఖ్యమైనది రెండవది.

ఇక ఉదాహరణమును గ్రహింతము. పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిదై, 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరము చెఱకు పండు ప్రాంతము. సమీపమున గోవాడలో సహకార పద్ధతిని చక్కెర కర్మాగారము స్థాపింపబడినది. అనకాపల్లి బెల్లపు విపణి దేశమున పేరెన్నిక గన్నది. అచ్చటి వ్యవసాయ పరిశోధన స్థానము 1913 నాటిది. గానుగాడుట, పిప్పిని ఎండబెట్టి పొయ్యికి వాడుట, మడ్డి తీయుట, పాకము ముదురుట, దిమ్మ పోయుట మున్నగు ప్రతి దశకును వండువారి వాడుకలో పదములు కలవు. పాకము దిగవలసిన క్షణమును కంటితోను, వ్రేళ్లతోను నిర్ణయించు నేర్పు కలదు. ఈ నేర్పును, ఈ పదములను ఎఱిగినవారు వృద్ధులగుచున్నారు. వారి సంతతి ఇతర వృత్తులకు పోవుచున్నది. చోడవరమున తెలుగు బోధించు ఒక అధ్యాపకుడు ఈ పదములను సేకరింప దలచెననుకొందము.

“బెల్లపు పదములకు సహాయమెవరిత్తురు?” అని అతడు వెదకినచో ఎచ్చటను సమాధానము దొరకదు. ఆ విషయమునందలి ప్రశ్నలను వేరుపరచినచో దారులు కనిపించును. ఈ వృత్తి క్షీణించుటచే కూలీల జీవనమున, స్త్రీల శ్రమయందు, గ్రామ ఋణసంబంధములందు కలిగిన మార్పేమి? ఇది సాంఘికశాస్త్ర పరిశోధన మండలికి తగిన ప్రశ్న. బెల్లపు వర్తకము ఏ కాలమున ఏ మార్గమున పెరిగెను? ఇది చరిత్ర మండలికి తగినది. శాసనములందును, ప్రాచీన కావ్యములందును చెఱకు, గానుగలకు సంబంధించిన పదముల పరిణామమెట్టిది? ఇది నెల్లూరు కేంద్రపు పరిధిలోనిది. నేటి వాడుక పదములను మాత్రమే సేకరించు ప్రణాళికను ఆ కేంద్రమునకు పంపిన తిరిగివచ్చుటయే సహజము. అందుకు మైసూరు సంస్థ కార్యక్రమములను పరిశీలింపవలెను.

విదేశములందును ఇట్టి దారులు కలవు. బ్రిటిష్ లైబ్రరీ 2004లో ఆరంభించిన అపాయస్థితిలోని పత్రముల కార్యక్రమము, నశించు స్థితిలోనున్న పాత పత్రములకు డిజిటల్ ప్రతులు తీయుటకు సహాయపడుచు వచ్చినది. మూలపత్రములు స్వదేశముననే యుండవలెనని దాని నియమము. పాత వర్తకుల ఇండ్లలో లెక్కల పుస్తకములు దొరకినచో ఆ దారి తగును. బ్రిటిష్ మ్యూజియము 2018లో ఆరంభించిన మరియొక కార్యక్రమము, వస్తువులను తయారుచేయు సంప్రదాయ జ్ఞానమును దృశ్యశ్రవ్యరూపమున భద్రపరచుటకు ఉద్దేశింపబడినది. బెల్లము వండు నేర్పు దాని ఆశయమునకు మిక్కిలి సన్నిహితము. ఏ సంవత్సరమున దరఖాస్తులు స్వీకరింతురో వారి ప్రకటనలవలన తెలిసికొనవలెను.

ఒకే విషయమునుండి ఇన్ని ప్రశ్నలు వెలువడుట చూచి, ఒకే ప్రణాళికను పేరు మార్చి అందరికిని పంపవచ్చునని భ్రమపడరాదు. ప్రశ్న మారినచో పద్ధతి మారును, ఆధారములు మారును, ఫలము మారును. తన శిక్షణకు తగిన ప్రశ్న నొకదానిని ఎన్నుకొని, దానికి తగిన సంస్థను మాత్రమే ఆశ్రయించుట మేలు. ఆర్థికగణన తెలియని భాషాధ్యాపకుడు ఋణసంబంధములను పరిశీలింప దలచినచో అర్థశాస్త్రాధ్యాపకుని సహపరిశోధకునిగా చేర్చుకొనవలెను.

సంస్థను గుర్తించిన పిదప మూడు విషయములను పరిశీలింపవలెను. మొదటిది అర్హత. గ్రాంట్ల సంఘ చట్టమున 2(ఎఫ్), 12(బి) విభాగముల క్రింద తన కళాశాలకు గుర్తింపు కలదో లేదో అధ్యాపకుడు ముందే తెలిసికొనవలెను. కేంద్ర సహాయములకు ఈ గుర్తింపే ద్వారము. అది లేనిచో, అర్హత గల విశ్వవిద్యాలయ శాఖతో కలిసి పనిచేయు ఏర్పాటును ఆలోచింపవలెను. రెండవది, ఆ సంస్థ గతమున మంజూరు చేసిన పనుల పట్టిక. నియమావళి కంటె ఈ పట్టికయే సంస్థ అభిరుచిని స్పష్టముగా తెలుపును. మన ప్రశ్నను ఇదివరకే ఎవరైనను చేపట్టిరేమో కూడ దీనివలన తెలియును. మూడవది కాలము. తుదిగడువునకును, సంస్థాధిపతి సంతకమునకును నడుమ కొన్ని వారములు పట్టుట సామాన్యము. గడువునాడు ప్రిన్సిపాలుగారు సెలవులోనున్న కారణమున ప్రణాళిక నిలిచిపోయిన సందర్భములు లేకపోలేదు.

దరఖాస్తు రచనయందు ముందుగా చెప్పవలసినది, ఇంతవరకు జరిగిన పని యేది, మిగిలినదేది అనునది. బెల్లపు పదములను సేకరించువాడు 1962 నాటి వ్యవసాయ సంపుటమును పుటపుటయు పరిశీలించి, అందులేని వానిని, అర్థము మారినవానిని, వాడుక తప్పినవానిని సూచింపవలెను. పదుగురితో మాటలాడి సేకరించిన ఏబది పదముల నమూనా, పది పుటల ఉపోద్ఘాతము కంటె పరిశీలకులకు ఎక్కువ నమ్మకము కలిగించును. విషయ ప్రాశస్త్యమును వర్ణించుటకు ఒక పేరా చాలును.

కార్యక్రమ పట్టికను క్షేత్రమునకు అనుగుణముగా వేయవలెను. ఈ ప్రాంతమున బెల్లము వండునది ముఖ్యముగా శీతకాలమునుండి వేసవి తొలిదినములవరకు. ఏప్రిల్ పిమ్మట సహాయమందినచో వండువారి పని ముగిసియుండును. ఒక సంవత్సరపు ప్రణాళికకు అట్టి స్థితిలో ఒక్క ఋతువే మిగులును. అందు కొంతభాగము మార్చి 31న ముగియు ఆర్థిక సంవత్సరపు లెక్కలకే పోవును. కావున రెండు ఋతువులు కలిసివచ్చునట్లు కాలమును కోరి, మొదటి నెలలను గ్రంథపరిశీలనకు, ప్రశ్నావళి రచనకు కేటాయించుట యుక్తము.

వ్యయపట్టికయందు ప్రతి అంకెకును కారణము చూపవలెను. ప్రయాణమనిన ఎన్ని గ్రామములు, ఎన్ని మారులు అనునది వ్రాయవలెను. ధ్వనిముద్రణమునకు, లిప్యంతరమునకు, పదముల వర్గీకరణమునకు కావలసిన దినములను లెక్కింపవలెను. ఒక గంట సంభాషణమును వ్రాతలో పెట్టుటకు పెక్కు గంటలు పట్టునని అనుభవజ్ఞు లెఱుగుదురు. తక్కువ మొత్తమడిగిన సులభముగా ఇత్తురను తలంపు సరికాదు. పనికి చాలని అంకె ప్రణాళికనే అనుమానాస్పదము చేయును. సహాయము లభించిన పిదప 2017 నాటి సాధారణ ఆర్థిక నియమముల ప్రకారము వినియోగ ధ్రువపత్రము ఈయవలెను. అది అందనిదే తరువాతి వాయిదా రాదు. విదేశ ధనమైనచో 2010 నాటి విదేశీ విరాళముల నియంత్రణ చట్టము వర్తించు తీరును సంస్థ ఆర్థికాధికారితో దరఖాస్తుకు ముందే నిర్ణయించుకొనవలెను.

వ్యయపట్టికలో సామాన్యముగా మఱచిపోవు అంశమొకటి కలదు. పొయ్యియొద్ద పని మాని మనకు పదములు చెప్పువాని దినపు కూలి ఎవరిత్తురు? దానిని పట్టికలో చేర్చుట న్యాయము. అతని సమ్మతితో అతని పేరు గ్రంథమున ప్రకటించుటయు, సేకరించినదానిని అతని గ్రామమునకు తిరిగి చేర్చుటయు పరిశోధకుని విధులు. సవర భాషకై జీవితమును ధారపోసిన గిడుగు రామమూర్తి పంతులుగారు, ప్రభుత్వము పారితోషిక మీయబోగా, ఆ ధనముతో సవరలకు పాఠశాల పెట్టుడని కోరిన విషయము ప్రసిద్ధము. లక్ష్మయ్యను నాటి సంఘము సహాయకునిగా మాత్రమే చూచినందుకు మనము బాధపడుదుము. బెల్లము వండువానిని నేడు మనము అట్లే చూచినచో ఆ బాధకు అర్థముండదు.

తిరస్కృతి కలిగినప్పుడు పరిశీలకుల అభిప్రాయములు లభించునేమో అడిగి తెలిసికొని, ప్రణాళికను సవరించి మరల పంపవలెను. సహాయసంస్థల గడువులు ప్రతి సంవత్సరమును తిరిగివచ్చును. పాకపు పదును ఎఱిగిన వృద్ధునికి అట్టి అవకాశము లేదు. కావున నమూనా సేకరణమును గ్రాంటు రాకకై ఆపక, ఈ ఋతువుననే ఆరంభించుట మంచిది. అట్లు కూడిన ఏబది పదములే మరుసటి దరఖాస్తునకు బలము. గ్రాంటు రాకపోయినను అవి నిలిచియుండును.