చౌమహల్లా తోట

హైదరాబాద్ వెళ్లిన మన గుంటూరువాళ్లు చార్మినార్, మక్కా మసీదు చూస్తారు. లాడ్‌బజారులో గాజులు కొని బస్సెక్కేస్తారు. పక్కనే ఖిల్వత్‌లో ఉన్న చౌమహల్లా దాకా నడిచేవారు తక్కువ.

నిజానికి ఆ మహల్‌కూ మనకూ పాత చుట్టరికం ఉంది. దాని నిర్మాణం 1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ హయాంలో మొదలైందంటారు. ఆయన తమ్ముడు బసాలత్ జంగ్‌కు మన గుంటూరు సర్కారు జాగీరుగా ఉండేది. బసాలత్ జంగ్ 1782లో పోయారు. 1788లో గుంటూరు కంపెనీ చేతికి వెళ్లింది. మహల్ పని మాత్రం సాగుతూనే ఉండి, ఐదో నిజాం అఫ్జల్ ఉద్దౌలా కాలంలో (1857–69) పూర్తయింది.

‘చౌ’ అంటే నాలుగు. దక్షిణ ప్రాంగణంలో తోటనూ నీళ్ల హౌజునూ నడుమ పెట్టుకుని నాలుగు మహళ్లున్నాయి: అఫ్జల్, తహ్నియత్, మహ్తాబ్, ఆఫ్తాబ్. చివరి రెండింటికీ అర్థం చంద్రుడు, సూర్యుడు. ఇంటి ముందు తోట వేయడం వేరు, తోట చుట్టూ ఇల్లు కట్టడం వేరు. ఇది రెండో రకం.

ఇరాన్ నుంచి మొఘలుల ద్వారా వచ్చిన చార్‌బాగ్ పద్ధతిలో తోటను కాలువలతో నాలుగు భాగాలు చేస్తారు. ఖురాన్ 47వ సూరాలో స్వర్గంలోని నాలుగు రకాల నదుల ప్రస్తావన ఉంది. చాలామంది దాన్నే ఈ తోటలకు మూలభావనగా చెబుతారు. ఇందులో రైతు తెలివీ ఉంది. నడిచే బాట ఎత్తున, మొక్కల మడి పల్లాన ఉంటాయి. కాలువకు గండి కొడితే మడి తడుస్తుంది, కాళ్లకు బురద అంటదు. మిర్చికి బోదెలు తోలినవారికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. హౌజు మీదుగా వచ్చే గాలి చల్లబడి గదుల్లోకి వీస్తుంది. రోహిణి కార్తెలో దాని విలువ మనకు తెలుసు.

ఒకప్పుడు 45 ఎకరాలున్న ఆవరణలో నేడు మిగిలింది సుమారు 12. ఏడో నిజాం 1967లో కన్నుమూశాక చాలా ఏళ్లు ఆలనాపాలనా లేదు. కట్టించేందుకు దాత దొరుకుతాడు, రోజూ నీళ్లు పోయించేందుకే దొరకడు. మన ఖబరస్తాన్లలో నాటిన వేపమొక్కల సంగతీ ఇంతే కదా! 2000 తర్వాత యువరాణి ఎస్రా పూనుకుని మరమ్మతులు చేయించారు. 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది.

శుక్రవారం సెలవు. జుమా మక్కా మసీదులో చదువుకుని, శనివారం పొద్దున్నే వెళ్లండి.